తమ్ముడికి దవడ ఆపరేషన్ అంటున్నారు, క్లిప్పులతో సరిపోదా?

చిత్తూరు_అక్క:
మా తమ్ముడికి 19 ఏళ్లు, కింది దవడ బాగా ముందుకొచ్చేసింది, కింది పళ్లు పై పళ్లకి ముందుంటాయి. జామకాయ కొరకలేడు, తుంచుకుని పక్క పళ్లతో నములుతాడు, ఫోటో అంటే తల దించేస్తాడు. ఒక క్లినిక్‌లో క్లిప్పులు చాలన్నారు, ఇంకో డాక్టరు దవడ ఎముకే కోయాలన్నాడు, ఆ మాట విన్నప్పట్నుంచి అమ్మకి నిద్ర లేదు. ఎవురికైనా చేసినారా, ఎట్ల ఉంటాది, కొంచెం చెప్పండప్పా.

కొర్లగుంట_తమ్ముడు:
అక్కా నాకు రెండు దవడలకీ అయింది. అమ్మకి ముందు ఇది చెప్పండి, మామూలుగా అయితే మొహం మీద కోయరు, నోటి లోపల్నుంచే కోసి ఎముకని జరిపి టైటానియం ప్లేట్లు, చిన్న స్క్రూలు బిగిస్తారు. మొదట్లో మొహం గుమ్మడికాయ మాదిరి వాచిపోతాది, ముందే చెప్పి పెట్టండి. పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి రబ్బర్లు వేసుంటారు కాబట్టి నోరు తెరుచుకోదు, మా అమ్మ రాగి జావ పల్చగా కాచి బట్టలో వడగట్టి సిరంజీతో బుగ్గ పక్కనుంచి పోసేది, మజ్జిగ, చారు, పప్పుకట్టు అంతే, బరువు తగ్గుతాడు. కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి, చాలామందికి నెలల మీద మెల్లగా తగ్గుతాది, నాకు గడ్డం దగ్గర కొంచెం చోటు ఇంకా అట్లనే ఉంది, అది కూడా తెలుసుకునే ఒప్పుకోండి.

డెంటల్_పీజీ:
మొహం పక్కనుంచి తీసే ఎక్స్‌రే, సెఫలోగ్రామ్, తీయించారా? ఎముకల్లో తేడా కొంచెమే ఉంటే క్లిప్పులతో పళ్లని వాల్చి సర్దేయొచ్చు, దవడ మాత్రం అట్లే ఉంటుంది. తేడా ఎక్కువుంటే ఆపరేషనే. అసలు సంగతేందంటే ఈ రెండిటికీ పళ్లు జరిపే దిక్కే వేరు. ఆపరేషన్‌కి ముందు కూడా ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులుంటాయి, అప్పుడు కింది పళ్లు ఇంకా ముందుకొచ్చి చూసేదానికి ముందుకన్నా అధ్వానంగా ఉంటుంది, భయపడొద్దు. అందుకే వైరు ఎక్కించకముందే ఆర్థోడాంటిస్టూ (క్లిప్పులేసే డాక్టరు) సర్జనూ ఇద్దరూ కలిసి చూడాలి. మగపిల్లలకి 18 దాటినా కింది దవడ పెరుగుతూ ఉండొచ్చు, ఎదుగుదల ఆగిందని తేలకముందే కోస్తే మళ్లీ ముందుకొచ్చే ప్రమాదం ఉంది.

చిత్తూరు_అక్క:
ఎక్స్‌రే ఏం తీయలేదు సార్, నోరు చూసి చెప్పేసినారు. యాడికి పోవాల?

గిరింపేట_అమ్మ:
మనకి వేలూరు సీఎంసీ ఆస్పత్రి దగ్గరే కదమ్మా, బస్సెక్కితే గంట చిల్లర, అక్కడ దంతాల విభాగం ఉంది. తిరుపతి పోతే డెంటల్ కాలేజీ ఓపీ. ఎక్స్‌రే కాపీ మీ దగ్గరే పెట్టుకో, డాక్టరు ముందర పిల్లోణ్ణే మాట్లాడనియ్యి, నొప్పి ఎక్కడో, ఏం తినలేకపోతున్నాడో వాడికే తెలుసు.

చిత్తూరు_అక్క:
సరే పెద్దమ్మా, ముందు వేలూరే పోతాం. క్లిప్పుల అడ్వాన్సు కట్టమన్నారు, అది ఆపేస్తా.