చలికాలంలో ఆహార నియమాన్ని సడలించవచ్చా, సడలించకూడదా?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:

చలి మొదలయ్యాక ఆకలి పెరగడం శరీరం సహజంగా కోరుకునేదేననీ, కనుక ఈ మూడు నాలుగు నెలలు నియమాలను కొంత సడలించి, ఎండలు వచ్చాక మళ్ళీ గాడిలో పడవచ్చనీ కొందరు అంటున్నారు. ఒకసారి వదిలేస్తే తిరిగి మొదలుపెట్టడం ఎవరికైనా కష్టమేననీ, విందులు ఎక్కువగా ఉండే ఈ కాలంలోనే పట్టు బిగించాలనీ మరికొందరు వాదిస్తున్నారు. ఈ రెండు వాదాల్లో దేనికి బలమైన ఆధారం ఉందో తెలిసినవారు వివరించాలని కోరుతున్నాను.

మొదటి సభ్యుడు:

సడలించడంలో తప్పు లేదన్నది నా అభిప్రాయం. బయట ఎంత చల్లగా ఉన్నా శరీరం లోపలి వేడిని దాదాపు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబెట్టుకోవలసిందే, దానికి శక్తి కావాలి. వణుకు పుట్టినప్పుడు కండరాలు విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తికి కొన్ని రెట్లు ఖర్చు చేస్తాయి. వణుకు లేనప్పుడు కూడా గోధుమరంగు కొవ్వు అనే ప్రత్యేకమైన కణజాలం వేడిని పుట్టిస్తుంది. అది పసిపిల్లల్లోనే కాక పెద్దవారిలోనూ పనిచేస్తుందని 2009లో వెలువడిన పరిశోధనలు రుజువు చేశాయి. శరీరానికి నిజంగా అవసరమైనప్పుడు పుట్టే ఆకలిని బలహీనతగా లెక్కకట్టడం న్యాయం కాదు.

రెండవ సభ్యురాలు:

మీరు చెప్పిన శరీరధర్మం నిజమే గానీ, మనలో అత్యధికులు ఆ చలిని శరీరానికి తగలనివ్వడం లేదన్న సంగతిని మీరు పక్కన పెట్టారు. వెచ్చని గదుల్లో, మందమైన దుస్తుల్లో గడిపేవారికి వణుకు పుట్టే సందర్భాలే అరుదు. పైగా పొద్దు తక్కువ కావడంతో నడక తగ్గుతుంది, కూర్చునే సమయం పెరుగుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏడాది పొడవునా జరిపి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వసంతంతో పోలిస్తే శరత్కాలంలో రోజుకు సగటున 86 కేలరీలు ఎక్కువగా తిన్నారనీ, శారీరక శ్రమ చలికాలంలోనే అతి తక్కువగా ఉందనీ, బరువు కూడా అప్పుడే ఎక్కువగా ఉందనీ తేలింది. కనుక ఈ కాలంలో కఠినంగా ఉండటమే మేలని నేను నమ్ముతున్నాను.

మూడవ సభ్యుడు:

ఇద్దరి వాదాలనూ శ్రద్ధగా చదివాను. చలికాలంలో బరువు పెరుగుతుందన్నంత వరకు రెండవ సభ్యురాలితో ఏకీభవిస్తాను గానీ, ఎంత పెరుగుతుంది, పెరిగినది తరువాత ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చూడకుండా సడలింపు గురించి గానీ కాఠిన్యం గురించి గానీ తీర్పు చెప్పలేమని నాకు అనిపిస్తోంది.

2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 195 మంది పెద్దవారి బరువును చలికాలపు సెలవులకు ముందు, సెలవుల్లో, ఆ తరువాత కొలిచారు. సుమారు ఆరు వారాల సెలవుల కాలంలో సగటున పెరిగింది 0.37 కిలోలు మాత్రమే. చాలామంది ఊహించుకునే దానికంటే ఇది ఎంతో తక్కువ. అయితే ఆ పెరిగిన బరువు వసంతంలోనూ వేసవిలోనూ తగ్గలేదు. నా దృష్టిలో ఈ చర్చకు కీలకం ఇదే. ఎండలు వచ్చాక గాడిలో పడవచ్చన్న మొదటి సభ్యుడి భరోసాకు ఇక్కడ ఆధారం దొరకదు, ఎందుకంటే ఏటా అరకిలో కన్నా తక్కువే పెరిగినా, అది పోకుండా నిలిచిపోతే, పది పదిహేనేళ్ళలో మోయలేని బరువే అవుతుంది.

ఇక కాఠిన్యం సంగతి. ఒక కిలో శరీరపు కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయన్న లెక్కన చూస్తే, 0.37 కిలోలను 42 రోజులకు పంచినప్పుడు రోజుకు వచ్చేది 70 కేలరీల లోపే. ఇంత చిన్న తేడాను సరిదిద్దడానికి పావుగంట, ఇరవై నిమిషాల నడకో, రెండోసారి వడ్డించుకోకపోవడమో చాలు, ఇష్టమైనవన్నీ నిషేధించుకోనక్కర లేదు. నిషేధం ఎదురు తిరుగుతుందని చూపిన ప్రయోగం కూడా ఉంది. 1975లో జరిగిన ఆ ప్రయోగంలో, ఆహారం విషయంలో తమను తాము కట్టడి చేసుకునేవారికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, తరువాత ఐస్‌క్రీమ్ ఇస్తే, నియమం ఎలాగూ తప్పిందన్నట్టుగా వారు మరింత ఎక్కువ తిన్నారు. విందులో ఒక్క పూట ఎక్కువ తినడం వల్ల జరిగే నష్టం కంటే, ఇక ఈ వారమంతా పోయినట్టే అనుకోవడం వల్ల జరిగే నష్టమే పెద్దది. అలవాట్లు ఏర్పడే తీరుపై లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు జరిపిన అధ్యయనంలో, కొత్త అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కాబట్టి సడలించడమా, బిగించడమా అని కాకుండా, చలికి తగినట్టు ఏర్పాటును మార్చుకోవడం గురించి ఆలోచిద్దామని మనవి. పచ్చి కూరగాయల ముక్కలు తినబుద్ధి కాకపోతే అవే కూరగాయలను, పప్పుధాన్యాలను వేడి సూప్‌గా కాచుకోవచ్చు, పీచూ మాంసకృత్తులూ అందుతాయి, కడుపూ నిండుతుంది. తాజావి దొరకని చోట గడ్డకట్టించి నిల్వ చేసిన కూరగాయలు ఏమాత్రం తీసిపోవు. కోసిన తరువాత రోజుల తరబడి నిల్వ ఉన్న ఆకుకూరలో విటమిన్ సి తగ్గుతూ పోతుంది, కోసిన వెంటనే గడ్డకట్టించిన దానిలో మాత్రం అది చాలావరకు నిలుస్తుంది. చలిలో దాహం కూడా మందగిస్తుంది కనుక, దాహం వేసేదాకా ఆగకుండా గోరువెచ్చని నీరైనా తాగుతూ ఉండాలి.

నాలుగవ సభ్యురాలు:

అందరూ ఆకలి గురించే మాట్లాడుతున్నారు గానీ వెలుతురు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. పగటి వెలుతురు తగ్గే కాలంలో కొందరికి కుంగుబాటు, అతినిద్ర, పిండి పదార్థాల మీద తీవ్రమైన కోరిక కలుగుతాయని 1984లో వైద్యులు స్పష్టంగా వర్ణించారు. అటువంటివారికి క్రమశిక్షణ లేదని చెప్పడం గాయం చేయడమే. ఉదయం పూట అరగంట సేపు 10,000 లక్స్ (వెలుతురు తీవ్రతను కొలిచే ప్రమాణం) కాంతి ముందు కూర్చోబెట్టే చికిత్స ఉంది, కంటి జబ్బులు ఉన్నవారు మాత్రం ముందుగా వైద్యుణ్ణి అడగాలి. సూర్యుడు తక్కువ ఎత్తులో ఉండే దేశాల్లో చలికాలపు ఎండ వల్ల చర్మంలో విటమిన్ డి తగినంత తయారు కాదు, అందుకే బ్రిటన్‌లో శరత్, శీతకాలాల్లో రోజుకు 10 మైక్రోగ్రాములు తీసుకోవడాన్ని ఆలోచించమని ప్రజలకు సూచిస్తారు.

మొదటి సభ్యుడు:

వేసవిలో బరువు దానంతట అదే తగ్గుతుందన్న ఆశకు ఆధారం లేదని ఒప్పుకుంటున్నాను. అయితే ఆరుబయట చలిలో శ్రమించేవారికీ, ఇప్పటికే బరువు కోల్పోతున్న వృద్ధులకూ ఈ లెక్కలు వర్తింపజేయకూడదు. వారికి చలికాలంలో ఎక్కువ ఆహారమే అవసరం, తక్కువ తినమని చెప్పడం ప్రమాదకరం.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. మిగిలిన ఒక్క సందేహం ఏమిటంటే, రోజుకు 70 కేలరీల తేడా కంటికి కనిపించదు కదా, దాన్ని గమనించుకోవడం ఎలా?

మూడవ సభ్యుడు:

ప్రతి ముద్దనూ లెక్కపెట్టనక్కర లేదు, బరువు చూసుకుంటే చాలు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్షలో 272 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును క్రిస్మస్ కాలంలో వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకొని రాసుకోమన్నారు. పది చిన్న సూచనలతో పాటు, విందు పదార్థాల్లోని కేలరీలు కరగడానికి ఎంత నడవాలో తెలిపే పట్టికను కూడా ఇచ్చారు. ఆ జట్టు సగటున 0.13 కిలోలు తగ్గింది, రెండవ జట్టు 0.37 కిలోలు పెరిగింది. తినే విషయంలో మానసిక రుగ్మతతో బాధపడినవారు మాత్రం ఈ పద్ధతి జోలికి పోవద్దు, వారికి తూకం చూసుకోవడమే హాని చేయవచ్చు. మొదటి సభ్యుడు చెప్పిన వృద్ధుల విషయంలో కూడా ఇదే తూకం ఉపయోగపడుతుంది, అయితే అక్కడ చూడవలసింది బరువు తగ్గుతోందా అన్నది.