సమస్య: “సంధి కోరు వాడె సమరకర్త”

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. రాయబారం అనగానే అందరూ కురుసభకే పరిగెత్తుతారు కాబట్టి కృష్ణుణ్ణి వదిలేద్దాం. మధ్యయుగపు తెలుగు, దక్కను రాజుల కథే కావాలి.

పద్యప్రియ:
అల్లుడనుచు నమ్మి యలరాజు పోయెను
విషము కలిపి రతని విడిదిలోన
చచ్చె దూత, రేగె సంగ్రామ మరయంగ
సంధి కోరు వాడె సమరకర్త

గణాల మాస్టారు: ధార బాగుంది. పల్నాటి యుద్ధకథలో కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు వలసపోయినవాళ్ళ తరఫున అలరాజు మామ నలగామరాజు దగ్గరికి రాజ్యభాగం అడగడానికి వెళ్ళడం, చర్లగుడిపాడులో విషానికి బలవడం రెండు పాదాల్లో ఇమిడాయి. ‘అరయంగ’ మాత్రం వ్యర్థపదం. ‘సంగ్రామ మందుచే’ అనండి, గణం చెడదు. అసలు పేచీ వేరే. చచ్చినవాడు యుద్ధానికి కారణమౌతాడు గానీ కర్త ఎలా అవుతాడు? ముడి సగమే విడింది.

పద్యప్రియ: ‘అందుచే’ తీసుకుంటాను మాస్టారూ. మరి కర్త నలగామరాజు మంత్రి నాగమ్మేనంటారా? ఆ కథ పాడింది వలసపోయినవాళ్ళ నాయకుడు బ్రహ్మనాయుడి పక్షాన కదా!

కృష్ణాతీరం:
రాయచూరు నడిగి రాయబారము నంపె
ఇవ్వ డనుచు తెలిసి యెదుటి రాజు
కాదనంగ కత్తి కరమున దాల్చెను
సంధి కోరు వాడె సమరకర్త

గణాల మాస్టారు: ఇదీ పూరణంటే! అడిగేది కాదనిపించుకోవడానికే. దక్కను చరిత్రకారుడు ఫెరిస్తా రాసిన ప్రకారం, 1565 తళ్ళికోట యుద్ధానికి ముందు బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్షా రాయచూరు, ముద్గల్ వంటి కోటలు తిరిగిమ్మని విజయనగరం ఏలుతున్న రామరాయల దగ్గరికి దూతను పంపాడు. రాయలు అవమానించి వెళ్ళగొట్టాడు. అప్పటికే అహ్మద్‌నగర్ సుల్తాను కూతురు చాంద్ బీబీతో ఆదిల్షా పెళ్ళయింది, కట్నంగా షోలాపూరు కోట వచ్చింది, సుల్తానుల పొత్తు కుదిరిపోయింది. దూత వెళ్ళింది సాకు తేవడానికి. పద్యంలో ఆదిల్షా పేరు లేకపోవడం ఒక్కటే లోటు.

కొత్తకలం: మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.
పాదములకు మ్రొక్క వలెనన్న షరతుతో
రాయ లనగ షాహు రాకపోయె
దండు కదలె నంత బీజాపురంబుకు
సంధి కోరు వాడె సమరకర్త

నిర్వాహకుడు: మూడో పాదంలో యతి తప్పింది, ‘ద’కు ‘బీ’ కుదరదు. ‘బీర మెసగ దండు బీజాపురము జేరె’ అంటే సరి. ఎత్తుగడ నచ్చింది. 1520లో రాయచూరు గెలిచాక, పోయినవి తిరిగిమ్మన్న అప్పటి బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్షా దూతతో, మీ రాజు వచ్చి నా పాదం ముద్దుపెట్టుకుంటే ఇస్తానన్నాడట కృష్ణరాయలు. పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాసిన కథ ఇది. ముద్దును మీరు మొక్కుగా మార్చేసరికి ఆ షరతులోని కసి కాస్త తగ్గింది.

పద్యప్రియ: ‘షరతు’ అన్యదేశ్యం కదా, పద్యంలో ఒప్పుతుందా?

గణాల మాస్టారు: ఆదిల్షాకు పెట్టిన షరతు కదండీ, ఉండనివ్వండి.