నవంబర్ 2 పాటల పోటీ: హాలు డబ్బు శుక్రవారం లోపల కట్టాలి

(కడప, మారిషస్ తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపు మెసేజ్‌లు ఇవి. రోజ్‌హిల్, ఎబెన్ మారిషస్ ఊళ్ళు. ఖజానా అంటే సంఘం డబ్బు చూసే ఆయన. మిగతావాళ్ళను కడప వైపు వాళ్ళ ఊరి పేరుతోనో, వీధి పేరుతోనో పిలుస్తారు.)

రోజ్‌హిల్ అక్క, మంగళవారం రాత్రి

చూసి ఊరుకోకుండా జవాబివ్వండి. శుక్రవారం సాయంత్రానికి సగం డబ్బు కట్టకపోతే తేదీ వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని హాలు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. నవంబర్ 2 మారిషస్‌లో సెలవు. 1834లో కూలీల మొదటి ఓడ వచ్చిన రోజని పొద్దున అప్రవాసి ఘాట్ దగ్గర ప్రభుత్వ కార్యక్రమం పెడతారు, మన పిల్లల్లో సగం మంది అక్కడే ఉంటారు. కాబట్టి పోటీ మధ్యాహ్నం రెండు దాటాకే.

మిగతా పనులు ఎక్కడివక్కడే ఉన్నాయి. షీల్డులు, బ్యానరు అప్సర సర్కిల్ పని. అన్నమయ్య కీర్తనలు పది ఏరి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మాస్టారు పంపాలి. ఇక్కడి పిల్లలు బడిలో తెలుగు చదువుతారు గానీ ఇంట్లో మాట క్రియోల్, పాట నోటికి పట్టాలంటే వాళ్ళకు ఆ అక్షరాలే సులువు. నిమ్మలకుంట తోలుబొమ్మల దీపాలు బహుమతులుగా ఇద్దామని అందరూ చప్పట్లు కొట్టారు, తెచ్చేదెవరో తేల్చలేదు. చెక్కభజన జట్టు సంగతి వేంపల్లె అబ్బి చెప్పాలి. ఖజానా అన్నా, డబ్బు ఎప్పుడు వేస్తావు?

ఖజానా, కడప

డబ్బుకు టెన్షన్ పడొద్దు పాపా. హాలు 80 వేలు కదా, నా దగ్గర 92 వేలు జమ ఉంది. సగం రేపే పంపిస్తా. మిగిలిన 12 వేలల్లో షీల్డులు చూసుకోవచ్చు.

అప్సర సర్కిల్

షీల్డులు అయిపోయినాయి. మొదటి, రెండవ, మూడవ బహుమతి అని చెక్కించి పెట్టినా. ఫోటో ఇదిగో. బ్యానర్ మీద అన్నమయ్య బొమ్మ తాళ్లపాక విగ్రహంలో ఉన్నట్టు నిలబడి ఉండాలా, కూర్చోబెట్టాలా?

ఎబెన్ తమ్ముడు

అన్నా, ఒక్క నిమిషం. 80 వేలంటే ఏ రూపాయలు?

ఖజానా, కడప

రూపాయలంటే రూపాయలే. ఏందబ్బీ ఈ ప్రశ్న?

ఎబెన్ తమ్ముడు

ఇక్కడి డబ్బును కూడా రూపాయనే అంటారు అన్నా. మారిషస్ రూపాయి ఒకటి మన లెక్కలో ఒకటీ ఎనభై పైమాటే. 80 వేలంటే కడపలో లక్షా నలభై నాలుగు వేలు. బ్యాంకు చార్జీలు వేరే.

అప్సర సర్కిల్

అయితే బ్యానరు ఆపమంటారా?

ఖజానా, కడప

హాలు వాళ్ళ కాగితం మీద రూ. అనే ఉంది. నేను మాయ చేసిందేమీ లేదు. దసరాకు ముందు నుంచి అది ఈ గ్రూపులోనే ఉంది, ఇంతమంది చూశారు, అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు. ఇప్పుడు నా మెడకు చుట్టొద్దండి.

రోజ్‌హిల్ అక్క

మారిషస్‌లో ఉన్న హాలు ఇండియా రూపాయల్లో ఎందుకు అడుగుతుందన్నా?

ఖజానా, కడప

నాకేం తెలుసమ్మా, నేను రేణిగుంట దాటి యాడికీ పోయినోణ్ణి కాదు. మీరు అక్కడ ఉన్నోళ్ళు, మీకు తెలియాల. చందా వసూలు చెయ్యమన్నారు, చేసినా. ఏడురోడ్ల నుంచి వై-వీ స్ట్రీట్ దాకా ప్రతి అంగడి మెట్టూ ఎక్కినా. ఇంకో 52 వేలు తెమ్మంటే నా వల్ల కాదు. ప్రొద్దుటూరు వాళ్ళు దసరాకు ఇచ్చి చేతులు దులుపుకున్నారు, ఇప్పుడు పోతే కాఫీ కూడా పొయ్యరు.

ఎబెన్ తమ్ముడు

మా ఆఫీసులో కడప, కర్నూలు వాళ్ళం కొందరం ఉన్నాం. తలా కొంచెం వేసుకుంటాం. కానీ మొత్తం కొరత మేమే పూడ్చాలంటే కష్టం, నెలాఖరు.

రాజంపేట మాస్టారు

నేను కడప బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని కీర్తనలు రాస్తూ ఉన్నాను, ఇప్పుడే ఫోన్ చూశాను. ఏసీ హాలు లేకపోతే పాట రాదా? అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద తిరుమలలో ఒక చిన్న గదిలో దాదాపు నాలుగు వందల ఏళ్ళు పడి ఉన్నాయి. వాటికే హాలూ తీసుకోలేదు.

రోజ్‌హిల్ అక్క

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. అక్కడ కూర్చుని ఆ మాట అనడం సులువు. ఇక్కడ కొండవైపు ఊళ్ళలో ఎప్పుడు చినుకు పడుతుందో ఎవరికీ తెలియదు. నూటయాభై మందిని, చీరలు కట్టుకొచ్చిన ఆడపిల్లలను, ముసలివాళ్ళను యాడ కూర్చోబెట్టాల? ఆ హాలు దొరకడానికి ఎన్ని గడపలు తొక్కినానో నాకు తెలుసు.

వేంపల్లె అబ్బి

హాలు గొడవ సరే. మా జట్టు టికెట్లు ఏ లెక్కలో ఉన్నాయి? ఎనిమిది మంది. ఇద్దరు పాస్‌పోర్టుకు ఫోటోలు కూడా దిగినారు.

ఖజానా, కడప

టికెట్లా? ఎవరు చెప్పినారు టికెట్లని?

వేంపల్లె అబ్బి

ఉగాది అప్పుడు చెక్కభజన కావాలని అడిగింది మీరే కదన్నా. అడగ్గానే మా గురువు కొత్త గజ్జెలు కొనుక్కొచ్చినాడు. ఆయనకు డెబ్బై దాటింది. రోజూ సాయంత్రం పిలకాయలను నిలబెట్టి అడుగులు వేయిస్తున్నాడు. ఇప్పుడు పోయి ‘తాతా, ఉత్తుత్తినే అన్నారు’ అని నేను చెప్పాల్నా? మీరే వచ్చి చెప్పండి. వేంపల్లెకు బస్సులు ఉండాయి.

ఎబెన్ తమ్ముడు

చెక్కభజన కావాలన్నాం. మనుషులను తెప్పిస్తామని ఎవరూ అనలేదు.

వేంపల్లె అబ్బి

మనుషులు లేకుండా చెక్కభజన ఎట్ల చేస్తావు నాయనా, చెక్కలే ఎగురుతాయా?

(ఇక్కడ రెండు మెసేజ్‌లు తీసేశారు.)

రాజంపేట మాస్టారు

తీసేసింది మంచిదే. పెద్దవాళ్ళు ఉన్నారు ఈ గ్రూపులో.

ఖజానా, కడప, బుధవారం

పొద్దున బ్యాంకుకు పోయినా. విదేశానికి డబ్బు పంపాలంటే ఏ2 అని ఒక ఫారం నింపాలంట, పాన్ కార్డు ఇవ్వాలంట. ఆ వెసులుబాటు మనుషులకే గానీ సంఘాలకు లేదంట. అంటే మనలో ఎవరో ఒకరి పాన్ మీద పోవాల. కౌంటర్లో ఉన్న పాప ‘ఎందుకు పంపిస్తున్నారు అంకుల్’ అంటే ‘పాటల పోటీకి’ అన్నా. మేనేజర్‌ను పిలిచింది. ఆయనకు మొదటి నుంచి చెప్పేసరికి భోజనాల టైం అయింది.

ఎవరి పాన్ మీద పంపిద్దాం?

అప్సర సర్కిల్

నాది ఆధార్‌తో లింక్ కాలేదన్నా.

ఖజానా, కడప

అనుకున్నా.

రోజ్‌హిల్ అక్క, గురువారం పొద్దున

మొన్న రాత్రి నేను కోపంగా రాసిన మాటల గురించి ఇంకెవరూ మాట్లాడొద్దు, పని చూద్దాం. మా పక్క ఊళ్ళో తెలుగువాళ్ళ గుడి ఉంది. అక్కడి పెద్దాయన ఇంటికి పోయినాను. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళ సంతతి. తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు, రామభజన మొదలుపెడితే మాత్రం ఒక్క ముక్క తప్పు పోదు. గుడి ఆవరణ, పక్కన రేకుల షెడ్డు ఉచితంగా ఇస్తామన్నారు. కుర్చీలు ఉండవు, చాపలు వాళ్ళవే. మైకు పాతది, పనిచేస్తుంది.

షరతులు చెప్పారు. మొదట దీపం వెలిగించి దాని చుట్టూ తిరుగుతూ వాళ్ళ రామభజన పూర్తి చేస్తారు, ఆ తర్వాతే మన కార్యక్రమం. చెప్పులు బయట. మాంసం వండకూడదు. ఇంకోటి, దేవుడి పాటకు ఫస్టు, సెకండు పెట్టడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. ‘పిల్లలను పాడమనండి, ఎవరు తక్కువ అని చెప్పొద్దు’ అన్నాడు.

అప్సర సర్కిల్

షీల్డులు?

రాజంపేట మాస్టారు

పోటీ అన్న తర్వాత తీర్పు ఉండాలి కదమ్మా. నేను తాళానికి ఇన్ని మార్కులు, ఉచ్చారణకు ఇన్ని అని కాగితం కూడా గీసి పెట్టుకున్నాను. ఏ తీర్పూ లేకుంటే సాధన చేసి వచ్చిన పిల్లకూ, దారిలో పాట చదువుకుంటూ వచ్చిన పిల్లకూ తేడా ఏముంటుంది?

రోజ్‌హిల్ అక్క

నిజమే మాస్టారూ. కానీ హాలుకు పోతే లక్షా నలభై నాలుగు, ఇక్కడ సున్నా. మీరు ఫోన్‌లో విని ఒక్కో బిడ్డకు ఒక్కో మాట చెప్పండి. ఎక్కడ బాగుంది, ఎక్కడ దిద్దుకోవాలి అని. అది మార్కుల కన్నా ఎక్కువ రోజులు గుర్తుంటుంది వాళ్ళకు. ఇక్కడ సాయంత్రం నాలుగైతే మీకు ఐదున్నర.

రాజంపేట మాస్టారు

ఆలోచిస్తాను.

ఆ పెద్దాయన పాడే భజనలు రికార్డు చేసి పంపగలవా? కోస్తాలో ఇప్పుడు పాడే వరస ఏది, వాళ్ళు ఓడలో తెచ్చుకున్న వరస ఏది అని వినాలని ఉంది.

రోజ్‌హిల్ అక్క

పంపినాను, చూడండి. పదకొండు నిమిషాలు ఉంది. మధ్యలో కుక్క మొరుగుడు పట్టించుకోవద్దు.

రాజంపేట మాస్టారు

విన్నాను. రెండుసార్లు. నా పది కీర్తనల్లో ఐదు తీసేయండి. ఆ టైము వీళ్ళకు ఇవ్వండి. మార్కుల కాగితం చించేశాను.

ఎబెన్ తమ్ముడు

ఇంకో సంగతి. మా ఆఫీసు కుర్రాళ్ళు సెగా వాయించేవాళ్ళు, వస్తామంటున్నారు. సెగా 2014లో యునెస్కో జాబితాకెక్కిన ఈ దీవి సంగీతం. నవంబర్ 2న మన పాట ఒక్కటే పెట్టి ఈ మట్టిలో పుట్టిన పాటను బయట నిలబెడితే బాగుండదు. రవాన్ అని మేకతోలు వాయిద్యం ఉంటుంది, వాయించే ముందు మంట దగ్గర కాస్తారు, అచ్చం మన డప్పు కాచినట్టే.

రోజ్‌హిల్ అక్క

పెద్దాయనను అడిగినా. హారతి అయినాక, గేటు బయట, మామిడిచెట్టు కింద. మంట కూడా అక్కడే. ఆయన మనవడే రవాన్ వాయిస్తాడంట, మనకు చెప్పలేదు చూడు!

వేంపల్లె అబ్బి

మా తాతకు చెప్పినా. సాయంత్రం దాకా మాట్లాడలేదు. తర్వాత ‘అక్కడ పిలకాయలు ఉండారా?’ అని అడిగినాడు. ఉండారు అన్నా. ‘అయితే నేను ఎందుకు పోవాల, వాళ్ళకు నేర్పిస్తే సరిపోలా?’ అన్నాడు. ఫోన్‌లో నేర్పిస్తాడంట. వీడియో అంటే ఏందో ఆయనకు సరిగ్గా తెలియదు, నేను పట్టుకుని నిలబడతా. చెక్కలు మాత్రం మనవే కావాలంట, అక్కడ చేయించినవి వొద్దంట. చెక్కకు ఉండే ఇత్తడి బిళ్ళలు వదులుగా ఆడాల, బిగిస్తే చప్పుడు చచ్చిపోతుందని గంట సేపు చెప్పినాడు. పన్నెండు జతలు తీసి పెట్టినాడు, బిళ్ళలు ఊడకుండా ఒక్కో జతకూ గుడ్డ చుడుతున్నాడు.

ఎబెన్ తమ్ముడు

నీతో అట్ల మాట్లాడి ఉండాల్సింది కాదు బ్రదర్.

వేంపల్లె అబ్బి

సర్లే. పిలకాయలను ఎంతమందిని పట్టుకొస్తావో చెప్పు. సరిసంఖ్యలో ఉండాల.

ఎబెన్ తమ్ముడు

పది మంది వస్తారు. ఇద్దరు ఆడపిల్లలు, పర్లేదా?

వేంపల్లె అబ్బి

పర్లేదు, అడుగు పడితే చాలంట.

ఖజానా, కడప, శుక్రవారం

నా పాన్ మీదే పంపిస్తున్నా. హాలు లేదు కాబట్టి మైకు రిపేరుకు, పందిరికి, భోజనాలకు మారిషస్ లెక్కలో 25 వేలు చాలని రోజ్‌హిల్ పాప చెప్పింది. మన లెక్కలో 45 వేలు, ఈసారి ముగ్గురి చేత లెక్క వేయించినా. మా ఇంట్లో మాత్రం చెప్పొద్దండి, ఆమెకు ఈ సంఘం అంటేనే మంట. మిగిలింది చందా ఇచ్చినోళ్ళను అడిగి, కావాలంటే తిరిగి ఇచ్చేద్దాం, వొద్దంటే గురువుగారి జట్టుకు ఇద్దాం. గజ్జెలు కొన్న డబ్బైనా రావాల ఆయనకు.

భోజనం ఏం పెడుతున్నారు?

రోజ్‌హిల్ అక్క

ఇక్కడి పద్ధతి అన్నా, అరిటాకులో ఏడు కూరలు. గుడి ఆడవాళ్ళే వండుతారు, సామాన్లు మనం ఇస్తే చాలు. హాలు వాళ్ళకు ఫోన్ చేసి తేదీ వదిలేశాను. ‘ముందే చెప్పొచ్చు కదా’ అని కసిరారు.

ఖజానా, కడప

ఏడు కూరల్లో ఒకటన్నా ఎర్రకారం ఉంటుందా?

అప్సర సర్కిల్

బ్యానర్ గురించి ఎవరూ చెప్పలేదు.

రోజ్‌హిల్ అక్క

ఇప్పుడు మొదటి పని చెక్కలు. మా వీధిలో ఉండే నర్సు అమ్మాయి సెలవు అయిపోయి కడప నుంచి చెన్నై మీదుగా వస్తోంది, సంచీ తెస్తానంది. మంగళవారం పొద్దున ఆర్టీసీ బస్టాండు దగ్గర అందించాలి. చెక్క సామాను కాబట్టి దాచకుండా విడిగా పెట్టమనండి, ఎయిర్‌పోర్టులో అడిగితే తీసి చూపించాలి. తోలు దీపాలు మాత్రం దాంట్లో వెయ్యొద్దు, ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టలేం.

వేంపల్లె అబ్బి

నేను తెచ్చి ఇస్తా. మొదటి బస్సుకే వస్తా.

రోజ్‌హిల్ అక్క

పాఠం రేపు శనివారం, ఇక్కడ రాత్రి ఏడున్నరకు, కడపలో తొమ్మిదికి. చెక్కలు వచ్చేదాకా పిల్లలు చేతులతో తాళం వేస్తారు. లింకు తమ్ముడు పెడతాడు. తాత మాట్లాడేటప్పుడు అందరూ మ్యూట్‌లో ఉండండి, ముఖ్యంగా ఖజానా అన్న.