బొగ్గింజన్ల దగ్గర వాడే ఈ మాటలకు మన షెడ్లలో ఏమనేవారు?

బ్రిటన్ ఆవిరి ఇంజన్ల అభిమానులు వాడే మాటలకు తెలుగులో చిన్న పట్టిక రాస్తున్నాను. బిట్రగుంట, కాజీపేట రైలింజన్ షెడ్లలో బొగ్గు వేసిన పాత ఫైర్‌మన్ల కుటుంబాలవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి.

"గ్రైసర్" అంటే రైళ్ల పిచ్చి ముదిరినవాడు. ఒక ఇంజను మొదటిసారి కంటబడితే "కాప్". పుస్తకంలో దాని నంబరు కింద గీత గీస్తారు. "కెటిల్" అంటే ఆవిరి ఇంజను మీద డీజిల్ అభిమానుల వెక్కిరింత. వీటితో పేచీ లేదు.

చిక్కంతా "క్లాగ్", "ప్రైమింగ్"ల దగ్గరే. ఒకేసారి బొగ్గు దండిగా వేసి, గాలి చాలకపోతే వచ్చే చిక్కటి నల్లపొగ క్లాగ్. ఫొటోలు తీసేవాళ్లకు పండగ, బొగ్గు మాత్రం దండగ! బాయిలర్లో నీళ్లు మరీ ఎక్కువైనా, మురికినీరు నురగ కట్టినా ఆవిరితోపాటు నీళ్లు సిలిండర్లోకి పోవడం ప్రైమింగ్. నీరు అణగదు కాబట్టి సిలిండర్ మూత పగిలిపోవచ్చు. వెంటనే రెగ్యులేటర్ (సిలిండర్లకు ఆవిరి వదిలే మీట) తగ్గించి, సిలిండర్ కాక్స్ (నీళ్లు బయటికి వదిలే కుళాయిలు) తెరవాలి.

అలా నీళ్లు లాగినప్పుడు, లేదా డబ్ల్యూపీ, డబ్ల్యూజీ రకం ఆవిరి ఇంజన్లలో బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు దాటి సేఫ్టీ వాల్వు లేచినప్పుడు డ్రైవరు ఫైర్‌మన్‌తో ఏమనేవాడు? ఉర్దూ, తమిళ మాటైనా సరే, ఏ షెడ్డుదో కూడా చెప్పండి. నిఘంటువు మాటలు మాత్రం వద్దు.