"నేడు నను దూతగ బంపిరి": ఏ రకం దూత?

తార్నాక: విదేశాంగ సర్వీసు గురించి డిగ్రీ పిల్లలకు చెప్పే తరగతిని పాండవుల దూతగా వచ్చిన కృష్ణుడు దుర్యోధనుడితో అనే తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యంతో మొదలుపెడదామని ఉంది. ఎత్తుగడ "చెల్లియో" అనా, "చెల్లియొ" అనా? ఇంకో సందేహం. కౌటిల్యుడి అర్థశాస్త్రం దూతల్ని నిసృష్టార్థుడు (పూర్తి అధికారం ఉన్నవాడు), పరిమితార్థుడు (హద్దుల్లో మాట్లాడేవాడు), శాసనహరుడు (సందేశం చేరవేసేవాడు) అని మూడు రకాలు చేసింది కదా, కృష్ణుడు వీరిలో ఎవరు?

నల్లకుంట: "చెల్లియొ", హ్రస్వమే అండీ. పద్యం ఇదీ: "చెల్లియొ చెల్లకో తమకు చేసిన యెగ్గులు సైచిరందరున్ / తొల్లి గతించె, నేడు నను దూతగ బంపిరి సంధి సేయ, నీ / పిల్లలు పాపలుం బ్రజలు పెంపు వహింపగ బొందు సేసెదో / యెల్లి రణంబె గూర్చెదవొ యేర్పడ జెప్పుము కౌరవేశ్వరా". ఉత్పలమాలలో మొదటిది భగణం (గురువు, లఘువు, లఘువు), "యో" అని దీర్ఘమిస్తే పాదం అక్కడే కుంటుతుంది. పక్కనే ఉన్న "చెల్లకో"కి మాత్రం దీర్ఘం ఉండి తీరాలి, అది రగణం (గురువు, లఘువు, గురువు). నాలుగో పాదంలో "గూర్చెదవొ" మళ్లీ హ్రస్వం, నగణం (మూడూ లఘువులే) కాబట్టి. మూడో పాదం చివర "సేసెదో" గురువు. ఒకే ఓకారం నాలుగుచోట్ల వచ్చి రెండుచోట్ల పొట్టి, రెండుచోట్ల పొడుగు. ఇంత పొందిగ్గా కుదిర్చిన పద్యాన్ని తప్పుగా అచ్చేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

రాంనగర్: స్టేజీ మీద రాగం తీసేటప్పుడు "యో" సాగుతుంది, విన్నది విన్నట్టు అచ్చులోకి దిగింది. పేచీ అంతా అర్థం దగ్గరే. చెల్లడం అంటే చేతకావడమా, తగడమా? "చేతనయ్యో కాకో ఓర్చుకున్నారు" అంటే పాండవుల బలహీనతను దూతే ఒప్పుకున్నట్టు. "తగునో తగదో" అంటే ధర్మప్రశ్న. నా ఓటు రెండోదానికి.

నల్లకుంట: పొసగదండీ. "చెల్లి" క్త్వార్థం ("చేసి", "వచ్చి" లాంటి రూపం), "చెల్లక" వ్యతిరేక క్త్వార్థం ("చేయక", "రాక" లాంటిది). రెండూ "సైచిరి"తోనే అన్వయిస్తాయి. చేతనయ్యో, చేతకాకో.

కోఠి: ఆ రెండర్థాలూ నిలబడటమే దౌత్యం. దుర్యోధనుడు దాన్ని బతిమాలడం అనుకోవచ్చు, బెదిరింపూ అనుకోవచ్చు. 1967 నవంబరు 22న భద్రతా మండలి చేసిన 242వ తీర్మానం చూడండి. ఇజ్రాయెల్ సేనలు వైదొలగాల్సిన ఆక్రమిత ప్రాంతాల గురించి రాస్తూ ఇంగ్లిషు ప్రతిలో "ద" (the) పెట్టలేదు, ఫ్రెంచి ప్రతిలో "దే" (des) ఉంది. అన్ని ప్రాంతాల నుంచా, కొన్నింటి నుంచేనా అని ఈనాటికీ వాదులాట. మన ఊళ్లోనూ అంతే. నిజాం, భారత ప్రభుత్వం చేసుకున్న 1947 నవంబరు యథాతథ ఒప్పందంలో హైదరాబాదుకూ ఢిల్లీకీ "ఏజెంట్లు" అని రాసుకున్నారు. రాయబారి అని రాస్తే నిజాం సార్వభౌముడని భారత ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. అలా భారత ప్రభుత్వం తరఫున హైదరాబాదుకు వచ్చినవాడే ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ.

మల్కాజిగిరి: తార్నాక గారూ, మీ రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. ఈనాటి లెక్క పిల్లలకు ఇలా చెప్పండి. దేశాల మధ్య ఒప్పందాల మీద వచ్చిన 1969 వియన్నా ఒడంబడిక 7వ అధికరణం ప్రకారం దేశాధినేత, ప్రధాని, విదేశాంగ మంత్రి వేరే కాగితం లేకుండానే సంతకం పెట్టగలరు. రాయబారి తానున్న దేశంతో కుదిరే ఒప్పందపు పాఠాన్ని ఖరారు చేయగలడు, అంతవరకే. తన దేశాన్ని దానికి కట్టుబెట్టాలంటే మామూలుగా "ఫుల్ పవర్స్" (పూర్తి అధికారం ఇచ్చే) పత్రం తేవాలి. అది ఉన్నవాడు నిసృష్టార్థుడు, లేనివాడు పరిమితార్థుడు. ఇక్కడ అయిదూళ్లిచ్చినా చాలని ధర్మరాజు ముందే దిగువ హద్దు గీశాడు. కాబట్టి నా మాట పరిమితార్థుడే.

రాంనగర్: రాయబారం రుచి తెలియాలంటే తిక్కన దగ్గరికే పోవాలి. నెల్లూరు రాజు మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకుంటే ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెప్పుకునే మంత్రి ఆయన. ఉద్యోగ పర్వంలో ఎవరి నోట ఎంత మాట రావాలో అంతే రావడం ఊరికే అబ్బలేదు.

తార్నాక: అందుకే పిల్లలకు భాష సంగతి నొక్కి చెబుతాను. ఐఎఫ్‌ఎస్‌ (భారత విదేశాంగ సర్వీసు) వచ్చినవాళ్లకు ఒక విదేశీ భాష కేటాయిస్తారు, ఆ పరీక్ష గట్టెక్కితేనే సర్వీసులో ఖాయం. పరిమితార్థుడంటే మాత్రం ఒప్పుకోను. సంధా, ఎల్లి యుద్ధమా అని రెండూ కృష్ణుడే ముందు పెడుతున్నాడు. ఎల్లి అంటే రేపు, ఎల్లుండిలో ఇంకా బతికే ఉంది. గడువు కూడా తనే చెప్పేవాడికి పూర్తి అధికారం లేదంటారా?

నల్లకుంట: ఆ "ఎల్లి" ప్రాస కోసం వచ్చిందండీ. చెల్లి, తొల్లి, పిల్లల తర్వాత "రేపు" పట్టదు. "దూతగ"లో "దూ" కూడా "తొల్లి"కి యతి. రెంటి మీదా అర్థశాస్త్రాన్ని మోపకండి.