తంబురాను ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?

ప్రశ్న:
నేను ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. పదేళ్లుగా గాత్రం కూడా నేర్చుకుంటున్నాను. తంబురా మీద ప్రాజెక్టు చేస్తానంటే మా మాస్టారు, "సంగీతం ఇంట్లో పెట్టుకో, ఇక్కడ లెక్కలు కావాలి" అన్నారు. ఖరీదైన పరికరాలు లేకుండా ఈ రెండింటినీ కలిపి చేయగల ప్రయోగమేదైనా ఉంటే దయచేసి సూచించగలరు.

జవాబు 1 (భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
మీ మాస్టారికి రామన్ పేరు చెప్పి చూడండి. 1928 నాటి రామన్ ప్రభావం ఆవిష్కరణకు ఏడేళ్ల ముందే ఆయన వీణ, తంబురాల మీద పత్రం ప్రచురించారు. తీగను ఎక్కడ మీటితే, అక్కడ అస్పందన స్థానం (తీగ కదలని చోటు) ఉన్న అనుస్వరాలు (మూలస్వరానికి 2, 3, 4 రెట్ల పౌనఃపున్యంతో పలికే స్వరాలు) వినిపించకూడదని యంగ్ సూత్రం. అంటే సరిగ్గా మధ్యలో మీటినప్పుడు రెండో అనుస్వరం, మన మాటలో పై షడ్జం, రాకూడదు. తంబురాలో మాత్రం అది నిక్షేపంగా వస్తుంది. కిటుకంతా గుర్రంలో (తీగలను మోసే వంతెనలో) ఉంది: దాని పైభాగం పదునైన అంచు కాక కాస్త వంపున్న వెడల్పాటి తలం కావడం వల్ల, జీవ (ఝుమ్మనే నాదం) కోసం పెట్టిన నూలు పోగు తోడై, తీగ కంపించేటప్పుడల్లా ఆ తలాన్ని తాకుతూ విడుస్తూ ఉంటుంది. పోగు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి మీటి, ఫోనులో రికార్డు చేసి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వర్ణపటం (ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటం) చూడండి. లెక్కలు అడిగినవారికి అందులో కావలసినన్ని దొరుకుతాయి.

జవాబు 2 (మృదంగ కళాకారుడు):
తంబురా దొరక్కపోతే మృదంగం ఉంది. బిగించిన మామూలు గుండ్రటి పొరలో అతిస్వరాలు (మూలస్వరంతో పాటు పలికే పై స్వరాలు) మూలస్వరానికి 1.59, 2.14, 2.30 రెట్లుగా, పొంతన లేకుండా ఉంటాయి. కుడివైపు మూత నడుమ వేసే నల్లటి కరణి బరువు వాటిని దాదాపు 2, 3, 4 రెట్లకు సర్దుతుందని 1920లోనే రామన్, శివకాళి కుమార్ నేచర్ పత్రికలో చూపారు. కరణిని ఒకేసారి మెత్తరు. పలుచగా పూసి, రాయితో రుద్ది, మళ్లీ పూస్తారు. మూతలు వేసేవారి దగ్గర ఒక పూట కూర్చుని, ప్రతి పూత తర్వాతా ఒక దెబ్బ రికార్డు చేసుకోగలిగితే, నా దృష్టిలో అదే మేలైన ప్రాజెక్టు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి తంబురాలో షడ్జం పలికే సారణి తీగ మీద ప్రయత్నించాను. పోగు పెట్టినప్పుడు రెండో అనుస్వరం శిఖరం ఎత్తుగా లేచింది, కానీ పోగు తీశాక కూడా కొద్దిగా మిగిలే ఉంది. నా వేలు సరిగ్గా మధ్యలో పడలేదేమోనని అనుమానం. ఈసారి స్కేలుతో కొలిచి, తీగ కింద గుర్తు పెట్టుకుని మీటుతాను.