మరణశిక్ష మీద స్కూల్ రిపోర్ట్: రెండో వైపు వాదన ఎలా రాయాలి?

అందరికీ నమస్కారం. సోషల్ ప్రాజెక్టుకి 'మరణశిక్ష ఉండాలా, వద్దా' అనే టాపిక్ తీసుకున్నాను (లాటరీలో వచ్చింది లెండి). వద్దనే వైపు సమాచారం బోలెడు దొరికింది. వెనిజులా 1863లోనే అన్ని నేరాలకీ ఎత్తేసింది. 2007లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, మరణశిక్షల అమలు ఆపమని తీర్మానం చేసింది. ఉండాలనే వైపు మాత్రం నాకు ఆవేశమే ఎక్కువ కనిపిస్తోంది. లేక నేనే సరిగ్గా వెతకట్లేదా?

అసలు చిక్కేంటంటే, ఈ శిక్ష భయంతో హత్యలు తగ్గుతాయని కొన్ని అధ్యయనాలు, తగ్గవని కొన్ని. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో వాటిని పరిశీలించి, ఎటూ తేల్చడానికి ఇవి పనికిరావని చెప్పింది. 'తేలలేదు' అని రాస్తే తప్పించుకున్నావని టీచర్ మార్కులు కోస్తారేమో!

ఇక 'నేరానికి తగ్గ శిక్ష పడాల్సిందే' అనే వాదన ఉంది. నా దృష్టిలో ఆ వైపు బలమైనది ఇదే. కానీ దీనికి లెక్కలు చూపించలేం కదా, మరి ఆధారంగా ఏం పెట్టాలి? కోర్టు తీర్పులు చాలా? చివర్లో నా అభిప్రాయం రాయొచ్చా? ఇలాంటి రిపోర్టులు రాసినవాళ్లు, దిద్దినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.